గడప ముందుకొచ్చిన పిల్లలకు ఏం పెడుతున్నాం?

దసరా దగ్గరపడింది. నంద్యాల బజారులో బట్టల అంగళ్లవాళ్లు, పూలవాళ్లు అప్పుడే హడావుడి మొదలుపెట్టారు. ఈ రోజు నేను అమ్మవారి అలంకారాల గురించో, జమ్మిచెట్టు గురించో చెప్పడానికి రాలేదు. పండగ నాడు మన గడప ముందుకు పిల్లలొస్తే వాళ్ల చేతుల్లో ఏం పెడతాం అన్నది నా విషయం. వినడానికి చిన్నదిగానే ఉంటుంది. కానీ ఒక వీధిలో ఉండేవాళ్లు ఒకరికొకరు తెలిసి బతకాలంటే ఇంతకన్నా తేలికైన దారి ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఇప్పుడు మన తలుపు తట్టేదెవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పార్సిల్ తెచ్చే కుర్రవాడు, కరెంటు మీటరు చూసే ఆయన, వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకొచ్చే యువకులు. ఊరికే, పండగ కోసం, పాట పాడుకుంటూ వచ్చే పిల్లలు మాత్రం లేరు. ఒకప్పుడు వచ్చేవాళ్లు. అదీ పంతులు వెంట, వరసగా, వీధిలో ఒక్క ఇల్లు కూడా వదలకుండా.

మా నాయన చదివింది వీధి బడిలో. దసరా వచ్చిందంటే పంతులు పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఊరు తిరిగేవాడట. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు. బాణం కొనన ఉన్న డొప్పలో బుక్కాగుండ, పూలరేకులు నింపుకునేవాళ్లు. ఇంటి ముందు నిలబడి పద్యాలు, పాటలు అప్పగించి, ఇంటాయన బయటికి రాగానే ఆ బాణాలు ఆయన మీదికి వదిలేవాళ్లు. ఆయన తెల్ల పంచె మీద గులాబి రంగు పొడి పడేది. ఆయన నవ్వుతూ దులుపుకొని లోపలికి కేకేస్తే, ఇల్లాలు చాట నిండా పప్పులూ బెల్లమూ తెచ్చేది. పంతులుకు డబ్బులు, కొత్త పంచె. పిల్లలకు దోసిట్లో పప్పులు, పైన ఒక బెల్లం ముక్క. ఇవ్వకుండా వాయిదా వేస్తే ఊరుకోమని పిల్లలు పాటలోనే ముందుగా చెప్పేసేవాళ్లు. ఆ మాటకు ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చుకునేవాళ్లు కాదు.

ఆ పంతులుకు సర్కారు జీతం లేదు. 1823లో మన పక్క బళ్లారి జిల్లా కలెక్టరు క్యాంప్‌బెల్ మద్రాసుకు పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్క రాశాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించిన బడులవి. పంతులు కడుపు నిండేది తల్లిదండ్రులు ఇచ్చే దానితోనే. దసరా నాటి ఈ ఊరేగింపు అటు పిల్లలకు పండగ, ఇటు పంతులుకు ఏడాది ఆదాయంలో ముఖ్యమైన భాగం. ఊరు తన చదువుకు తానే ఇంటింటి నుంచీ ఇంత తీసి ఇచ్చుకునేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ వరసలో ఊళ్లోని పిల్లలందరూ ఉండేవాళ్లు కారు. కొన్ని వాడల పిల్లలకు ఆ బడిలో చోటు లేదు, ఆ గడపల ముందు నిలబడే హక్కూ లేదు. ఆడపిల్లలు కూడా అరుదే. అందుకని పాత ఆచారాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెద్దామని నేను అనడం లేదు. తెస్తే అందరి పిల్లలకూ అన్ని గడపలూ తెరిచి తేవాలి.

పప్పులూ బెల్లమే ఎందుకు పెట్టేవాళ్లో కూడా ఆలోచించాను. నూనె లేదు, పొయ్యి వెలిగించే పని లేదు, రోజుల తరబడి నిలవ ఉంటుంది, ఉన్నవాళ్ల ఇంట్లోనూ లేనివాళ్ల ఇంట్లోనూ దొరుకుతుంది. పైగా అది మన నేల పంట. నంద్యాల చుట్టూ ఉన్న నల్లరేగడి నేలల్లో వానలు వెనకబట్టాక, చలికాలంలో నేలలో మిగిలిన తేమతో పండేది శనగ. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శనగలో ఎన్నో రకాలు విడుదల చేసింది. వాటిలో ఎన్‌బీఈజీ అక్షరాలతో మొదలయ్యే పేర్లు రైతులకు బాగా తెలుసు. ఆ ఎన్‌ అనే అక్షరం నంద్యాలదే. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 కూడా ఇక్కడిదే.

ఆ శనగ పప్పులుగా మారడం ఎప్పుడైనా బట్టీ దగ్గర నిలబడి చూడండి. ముందు శనగలకు కాస్త నీళ్లు పట్టించి కుప్ప పోస్తారు. తర్వాత బాగా కాగిన ఇసుకలో వేసి గబగబా కలిపి, క్షణాల్లో జల్లెడలోకి ఎత్తేస్తారు. ఇసుక కిందికి జారిపోతుంది, శనగలు పైన మిగులుతాయి. వాటిని కొంతసేపు ఆరనిచ్చి మళ్లీ వేయిస్తారు. రెండోసారి వేగాక పొట్టు పట్టు వదులుతుంది. ఒత్తిడి తగలగానే రెండు బద్దలై లోపలి పసుపు పప్పు బయటపడుతుంది. అప్పుడే దిగిన పప్పులు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు గుప్పెడు నోట్లో వేసుకుని, కొత్త బెల్లం కొరికితే ఉండే రుచి ఏ చాక్లెట్టుకూ రాదు. అదే వరసలో మన బొరుగులు. బొరుగుల బట్టీల నంద్యాలలో పిల్లలకు పెట్టడానికి బొరుగుల ఉండకు కొదవేమిటి?

దసరా ఒక్కటే కాదు. మన ప్రాంతంలో పిల్లలు గడప గడపకూ తిరిగే సందర్భాలు ఏడాది పొడుగునా ఉండేవి. పీర్ల పండగ సంగతే తీసుకోండి. హిందువులు కూడా పీర్లకు మొక్కుకునే సీమ ఇది. పీరయ్య, ఉసేనప్ప, మౌలాలి అనే పేర్లు హిందువుల ఇళ్లలో ఉన్నాయంటే ఆ మొక్కుల వల్లే. బిడ్డకు జబ్బు నయమైతే ఫకీరును చేస్తామని తల్లి మొక్కుకునేది. ఆ ఏడు ఆ బిడ్డ మెడలో దారం, భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ భిక్షకు వచ్చేది. ఇంట్లోవాళ్లు బియ్యమో, చక్కెరో, చిల్లరో వేసేవాళ్లు. లేక అడుగుతున్న బిడ్డ కాదు, మొక్కు తీర్చుకుంటున్న బిడ్డ అని అందరికీ తెలుసు. పులి వేషాలవాళ్లు వస్తే చిన్నపిల్లలు భయంతో అవ్వ కొంగు వెనక దాక్కునేవాళ్లు. వీధి మలుపులో మిరియాలు, సోంపు వేసిన బెల్లం పానకం కుండ ఉండేది. ఎవరు తాగినా అడిగేవాళ్లు లేరు.

వానలు రాని ఏడు కప్పతల్లి వచ్చేది. కరువు సీమలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. రోకలి మధ్యలో తడిగుడ్డలో కప్పను కట్టి, చుట్టూ వేపమండలు చుట్టి, చెరో కొసా ఇద్దరు పిల్లలు భుజాన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఇల్లాలు చెంబెడు నీళ్లు కప్ప మీద పోసేది. సగం నీళ్లు మోసే పిల్లల మీదే పడేవి. ఎండాకాలం పోయినా ఎండ పోని ఆ రోజుల్లో వాళ్లకు కావలసిందీ అదే. తర్వాత చేటలో జొన్నలో, కొర్రలో, బియ్యమో తెచ్చి జోలెలో పోసేది. అలా వచ్చిన గింజలన్నీ ఒకచోట వండి, పిల్లలంతా కలిసి తినేవాళ్లు. బావిలో నీళ్లు అడుగంటిన రోజుల్లో కూడా ఆ చెంబెడు నీళ్లు పోయనన్న ఇల్లు ఉండేది కాదని మా జేజి చెప్పేది. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఇంట్లో ఉన్నప్పుడు పెట్టడం ఎవరైనా చేస్తారు. కరువులో పిల్లలు గడప ముందుకొస్తే అప్పుడూ చేట ఖాళీగా వెనక్కి పోలేదు.

ఆళ్లగడ్డ వైపు పోతే గడప ముందుకు సాక్షాత్తూ దేవుడే వస్తాడు. అహోబిలం పారువేట సంగతి చెబుతున్నాను. సంక్రాంతి మరునాడు, కనుమ రోజున అది మొదలవుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరద స్వామి ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో కొండ దిగి ఊళ్ల మీదికి వస్తారు. నల్లమల చెంచులు తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడికి విల్లంబులతో ఎదురొచ్చి బాణాలు వేస్తారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి, బ్రహ్మోత్సవాలకు స్వామి స్వయంగా వచ్చి పిలుస్తున్నాడని జనం నమ్మకం.

పల్లకి దించడానికి ఊరూరా రాతి అరుగులున్నాయి. వాటిని తెలుపులంటారు. ఫలానా తెలుపు దగ్గర ఫలానా ఇంటివాళ్ల మర్యాద అని తరాలుగా వస్తున్న వరసలున్నాయి. స్వామి వచ్చే రోజే ఆ ఊరికి పెద్ద పండగ. గోడలకు సున్నాలు, వాకిట్లో పేడ అలుకు, ముగ్గులు. అత్తారింటి నుంచి ఆడపిల్లలు, పట్నాల నుంచి కొడుకులు వచ్చేది ఆ రోజుకే. పల్లకి ఏ రాత్రివేళకు వస్తుందో గడియారం చెప్పలేదు. ముందు ఊళ్లో ఆలస్యమైతే ఇక్కడా ఆలస్యమే. అయినా పిల్లలు నిద్రపోరు. దూరంగా డప్పు వినబడగానే వీధిలోకి పరుగు. బోయీలకు మజ్జిగ, భోజనాలు. వెంట వచ్చినవాళ్లు ఏ ఇంట్లో కూర్చున్నా విస్తరి వేస్తారు. ఎవరని అడగరు. తిన్నావా అని మాత్రం అడుగుతారు.

పారువేట ఊళ్లలో పెరిగిన పిల్లవాడిని గమనించండి. ఏ ఇల్లు ఎవరిదో, ఏ తెలుపు దగ్గర ఏ అవ్వ ఏం పెడుతుందో వాడికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ అవ్వలకూ వాడు ఎవరి మనవడో తెలుసు. దారిలో వాడు తప్పుగా నడిస్తే ఆపి అడిగే చనువు వాళ్లకుంటుంది. నేను గడప గురించి ఇంతగా చెబుతున్నది దీనికోసమే. పిల్లవాడి చేతిలో పడేది గుప్పెడు పప్పులే. వాటితో పాటు వాడికి వీధి అంతా పరిచయమవుతుంది.

ఇదే పని సముద్రాల అవతల వేరే పేరుతో జరగడం కూడా చూశాను. మన నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు ఎందరో అమెరికాలో స్థిరపడ్డారు. మా అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. ఒక ఏడు అక్టోబరులో అక్కడున్నాను. అక్టోబరు 31 హాలోవీన్. క్రైస్తవులు పునీతులందరినీ తలచుకునే నవంబరు 1కి ముందు రాత్రి అది. పాతకాలం ఇంగ్లండులో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తామని బీదవాళ్లు, పిల్లలు ఇంటింటికీ వెళితే చిన్న రొట్టెలు పెట్టేవాళ్లు. స్కాట్లాండులో పిల్లలు వేషాలు కట్టి, పాటో పద్యమో వినిపించి తాయిలం తీసుకునేవాళ్లు. మన దసరా పిల్లలు చేసింది అదే కదా! అమెరికాలో ఈ ఆచారం ఇప్పటి రూపంలో 1930ల నుంచి పాకింది. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకు రేషను పెట్టడంతో కొన్నేళ్లు మందగించి, తర్వాత కొత్తగా లేచిన కాలనీలన్నిటికీ విస్తరించింది. 1950 నుంచి కొందరు పిల్లలు మిఠాయితో పాటు యునిసెఫ్ డబ్బాలు పట్టుకుని, బీద దేశాల పిల్లల కోసం చిల్లర కూడా పోగుచేశారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి నా చేతికి చాక్లెట్ల గంప ఇచ్చి వాకిట్లో కుర్చీ వేసింది. వరండాలో దీపం వెలుగుతుంటే రావచ్చని గుర్తు, ఆర్పేస్తే ఆ ఇంటికి పోకూడదని గుర్తు. చీకటి పడుతుండగా మొదలయ్యారు. దెయ్యాలు, రాకుమార్తెలు, అగ్నిమాపక సైనికులు, ఒక తేనెటీగ. తేనెటీగకు మూడేళ్లుంటాయేమో, రెక్కలు సర్దుకుంటూ నిలబడి అడగాల్సిన మాట మరిచిపోయింది. వెనకున్న తండ్రి మెల్లిగా అందించాడు. నేను ఆ బుజ్జి సంచిలో చాక్లెట్టు వేస్తే, నన్ను చూసి కాదు, చీర చూసి, నేను కూడా వేషం వేసుకున్నాననుకుంది! నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికోవాళ్లు, మన గుంటూరువాళ్లు, పక్క సందులోని పాకిస్తాను కుటుంబం పిల్లలు, అందరూ వచ్చారు. ఏ ఇంటి తలుపూ ఎవరికీ వేసి లేదు. నెలలుగా ముఖం చూడని ఇరుగుపొరుగు ఆ రెండు గంటల్లో పేర్లు చెప్పుకున్నారు. కొన్ని ఇళ్ల ముందు నీలాకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెట్టారు. వేరుశనగ, పాలు వంటివి పడని పిల్లలకు అక్కడ తినే వస్తువు కాకుండా పెన్సిలో, బొమ్మో ఇస్తారని దాని అర్థం. 2014 నుంచి దేశమంతా పాకిన పద్ధతి అది. ఒంటికి పడని పిల్లవాడిని కూడా ఖాళీ చేతులతో పంపకూడదని ఆలోచించడం నాకెంతో నచ్చింది.

ఇప్పుడు మన నంద్యాలలోనూ కొన్ని బడుల్లో హాలోవీన్ వేషాలు వేయిస్తున్నారు. దాని మీద నాకు కోపం లేదు, పిల్లలకు వేషమంటే ఎక్కడైనా సరదాయే. నా బాధ ఒకటే. ఆ వేషం బడి ఆవరణలో మొదలై, ఫోనులో ఫొటో తీయడంతో ముగుస్తోంది. వీధిలోకి రావడం లేదు. ఎదురింటి పెద్దమ్మకు ఆ పిల్లవాడు తెలియడం లేదు. కొత్త కాలనీల్లో ఎత్తైన గేట్లు, కుక్క ఉంది జాగ్రత్త అనే బోర్డులు. అపార్టుమెంట్లలో పైఅంతస్తు పిల్లలు లిఫ్టులో కనబడితే ఎవరింటివాళ్లో చెప్పలేకపోతున్నాం. ఈ పిల్లలే రేపు ఏ సాయంత్రమైనా ఇంటికి తాళం ఉందని మెట్ల మీద కూర్చుంటే, లోపలికి రా నాయనా అని పిలిచేదెవరు?

అందుకని ఈ దసరాకు ఒక పని చేద్దాం. మహర్నవమి సాయంత్రమో, విజయదశమి పొద్దుననో మీ వీధిలో ఒక గంట పెట్టుకోండి. నలుగురు ఇల్లాళ్లు, ఒకరిద్దరు మాస్టర్లు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. పిల్లలు ఏ వేషమైనా వేసుకోనివ్వండి, అల్లూరి సీతారామరాజు, రాణి రుద్రమ, పులి, వాళ్లిష్టం. వేషం కొనలేని పిల్లవాడు మామూలు చొక్కాతో వచ్చినా వరసలో ముందే నిలబడాలి. ప్రతి గడప ముందూ ఒక పద్యమో, పాటో, ఎక్కమో చెప్పించండి. చెప్పలేకపోయినా పెట్టండి.

పెట్టేవాళ్లకు రెండు మూడు మాటలు. అందరికీ ఒకటే పెట్టండి. మీ మనవడికి జీడిపప్పు ఉండ, పనిమనిషి కొడుకుకు బొరుగులు అన్న తేడా పిల్లలు జన్మంతా మరిచిపోరు. నాలుగేళ్ల లోపు పసివాళ్లకు బుడ్డలు, అంటే వేరుశనగలు, గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు మెత్తటి నువ్వుల ఉండో, అరటిపండో ఇవ్వండి. బుడ్డలు పడని పిల్లలు ఇక్కడా ఉంటారు, వెంట వచ్చిన పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి. ప్లాస్టిక్ కవర్ల బదులు కాగితం పొట్లాలు కట్టండి. గంప పనిమనిషి చేతికి ఇచ్చి మీరు టీవీ ముందు కూర్చోవద్దు. మీరే గడపలో నిలబడి, పేరేంటి నాయనా, ఎవరింటివాడివి అని అడిగి, పేరు పెట్టి పిలిచి చేతిలో పెట్టండి. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లుంటే పిల్లల వరసను వాళ్ల గడపకు తప్పకుండా తీసుకెళ్లండి. వాళ్లకు ముందుగానే ఒక పొట్లం పప్పులు అందించి ఉంచితే, వాళ్లూ తమ చేత్తో పెడతారు. పెట్టే చెయ్యి తమది కావడం ఆ వయసులో ఎంత బలమిస్తుందో నేను చూశాను.

తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ పిల్లలు ఎదురింటికి వెళ్లి ఏదైనా తీసుకుంటే పరువు తక్కువ అనుకోకండి. రెండో సందులోని పిల్లలు, పక్క పేటలోని పిల్లలు మీ గడప ముందుకొస్తే వీళ్లెవరు అని కసురుకోకండి. రంజాను నాడు పక్కింటి నుంచి వచ్చే సేమియా పాయసం, క్రిస్మసుకు వచ్చే కేకు ముక్క మనం సంతోషంగా తింటున్నాం కదా, మన పండగకు వాళ్ల పిల్లలను మనమే ముందుగా పిలవాలి.

ఖర్చంటారా, కిలో పప్పులు, అర కిలో బెల్లం ఒక వీధి పిల్లలకు సరిపోతాయి. ఈ వారం సరుకులు తెచ్చుకునేటప్పుడు ఆ రెండూ చీటీలో రాసుకోండి. పండగ సాయంత్రం మీ గేటు గడియ తీసి, వాకిట్లో దీపం వేసి ఉంచండి.